ఇటుకలో దొరికిన నాచు

అనంతపురం జిల్లాలో రాళ్ల చదువు చదివినవాడికి ఒక శాపం ఉంది. పెళ్లికి పోయినా, చావుకు పోయినా, "సార్, ఒక బోరు పాయింటు చూపించి పోండి" అని చెయ్యి పట్టుకుంటారు. ఒకసారి నా దవడ పన్ను పీకుతున్న డాక్టరు, పటకారు నా నోట్లో ఉండగానే, గోరంట్ల దగ్గర తనకున్న చేను సంగతి ఎత్తాడు. నేను నొప్పికి మూలిగాను. ఆయన ఆ మూలుగును ఒప్పుకోలు కింద జమకట్టుకుని ఆదివారం జీపు పంపాడు. ఆ జీపు ఎంత పాతదంటే, దాన్ని చూడగానే అలవాటు కొద్దీ సుత్తి తీసి ఒక ముక్క కొట్టబోయాను.

నేను నీళ్లు చూసేవాణ్ని కాను. ఎప్పుడో ఎండిపోయిన సముద్రాన్ని చూసేవాణ్ని. ఈ రెండింటికీ తేడా ఏమిటో జిల్లాలో ప్రతి మనిషికీ, కొన్ని మేకలకూ విడివిడిగా చెప్పాను. మోకాళ్లు అరిగాయి, గొంతు అరిగింది. ఇంకొన్నేళ్ల సర్వీసు ఉండగానే ఉద్యోగానికి దండం పెట్టి ఇంటికొచ్చేశాను. ఇప్పుడు మా ఆవిడ నన్ను చూసి, "మీరు ఇంట్లో ఉంటే ఇల్లు చిన్నదైనట్టుంది" అంటోంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో ఇందులో ఉండదు. వచ్చాయో లేదో నాకే అనుమానం. పుస్తకాల్లో ఉన్నదీ చెప్పను. పుస్తకాల్లో లేనిది ఒక్కటి చెబుతాను. అది ఎస్తేరు అనే అమ్మాయి థీసిస్ సంగతి.

పని అంటే ఏమిటి

తాడిపత్రి దాటి పోతే బూడిదరంగు గుట్టలు వస్తాయి. దూరానికి ఎవరో కోపంగా విసిరేసిన దుప్పట్లలా ఉంటాయి. దగ్గరికి పోతే, రాతి మీద క్యాబేజీని అడ్డంగా కోసినట్టు వలయాల మీద వలయాలు కనిపిస్తాయి. అవి ఏ శిల్పీ చెక్కినవి కావు. దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల కిందట అక్కడ లోతు లేని సముద్రం ఉండేది. దాని అడుగున జిగురుగా పరుచుకున్న నాచు, నీళ్లలో కొట్టుకొచ్చిన సున్నపు రేణువులను పట్టుకుంటూ, పొర మీద పొరగా పెరిగింది. చివరికి అదే రాయి అయింది. అప్పటికి చేప లేదు, నత్త లేదు, చెట్టు లేదు. బోరు పాయింటు అడిగేవాడూ లేడు. భూమి ఎంత ప్రశాంతంగా ఉండేదో ఆలోచించండి.

ఆ పొరల మధ్య అక్కడక్కడా నల్లటి చెకుముకి రాయి ఉంటుంది. అది ఆ కాలపు ఊరగాయ జాడీ. సముద్రం అడుగునున్న సూక్ష్మజీవులు కుళ్లిపోయే లోపే, వాటిని గాజులో బిగించినట్టు బిగించి దాచింది. ఆ జాడీ మూత తీసి లోపల ఎవరున్నారో చూడటమే నా ఉద్యోగం. లోపలివాళ్లు ఎంత చిన్నవాళ్లంటే, వాళ్ల పక్కన ఆవగింజ పెడితే ఉరవకొండ కొండంత కనిపిస్తుంది.

ఎవరున్నారో తెలిస్తే ఏం లాభమని అడుగుతారు. లాభం ఉంది. గొంగడి కప్పుకున్నవాణ్ని చూస్తే అక్కడ చలి అని తెలుస్తుంది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచినవాణ్ని చూస్తే ముందు నీళ్లున్నాయని తెలుస్తుంది. ఆ సూక్ష్మజీవి ఎలా ఉందో చూసి, అది బతికిన సముద్రం లోతెంత, ఎండెంత, నీళ్లు వచ్చి పోయేవా, నిలిచి ఉండేవా అని చెప్పొచ్చు. ఇదంతా తెలుసుకోవడానికి మైక్రోస్కోపు ముందు వంగి కూర్చోవాలి. నేను ఎంతకాలం వంగానంటే, ఇప్పటికీ ఎవరికైనా నమస్కారం పెట్టడానికి నాకు ప్రత్యేకంగా వంగాల్సిన పని లేదు.

పానకాలరావు గారి సంచులు

యూనివర్సిటీలో మా భూగర్భ శాస్త్ర విభాగం హెడ్డు పానకాలరావు గారు కృష్ణా ఒడ్డునుంచి వచ్చినవారు. జీవితమంతా పచ్చటి పొలాల మధ్య పెరిగి, ఈ మెట్టను చూసి ప్రేమలో పడ్డారు. "మా వైపు అన్నీ వరిచేలయ్యా, రాయి కనబడదు. మీరు అదృష్టవంతులు" అనేవారు. అనంతపురం వాణ్ని పట్టుకుని అదృష్టవంతుడన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

రాయి దొరికితే ఆయన ముందు నాకి చూసేవారు. తడిస్తే రాతి రంగు, పొరలు తేటగా కనిపిస్తాయి. అందులో తప్పులేదు, మేమంతా చేసేదే. కానీ ఆయన కళ్లు మూసుకుని, అన్నంలో ఉప్పు చూసినట్టు చూసేవారు. ఆ నాలుక అన్ని మండలాల రుచీ ఎరుగును.

ఆయనకు ఉన్న ఒకే జబ్బు పొదుపు. ఒకసారి ఫీల్డుకు పోయి వస్తూ రాయదుర్గంలో బస్సు మారాం. అక్కడ వీధుల్లో జీన్స్ కుట్టే యూనిట్లు, వాటి ముందు నీలిగుడ్డ ముక్కల గుట్టలు. పానకాలరావు గారు ఒక ముక్క పట్టుకుని రెండు చేతులా లాగారు.

"చూశావా, ఏనుగులు లాగినా చిరగదు."

"మనం మోసేది రాళ్లు సార్."

"రేపు ఏనుగంత రాయి దొరికితే?"

ఆయన లోపలికి పోయి, శాంపిల్ రాళ్లకు సంచులు కుట్టమన్నారు. ఒక్కో సంచికి ఒక జేబు, ఆ జేబులో రాయి ఎక్కడ దొరికిందో రాసిన చీటీ పెట్టుకోవడానికి. మిషను మీదున్న ఆయన కాలు ఆపి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"రాళ్లకా సార్?"

"రాళ్లకే."

"సరేప్పా. మనుషులకు చాలినంత కుట్టినాం. ఇంక రాళ్లకు తొడిగే కాలం వచ్చినాది."

ఆ సంచులు మా విభాగానికి గర్వకారణం అయ్యాయి. పక్క విభాగాల వాళ్లు వచ్చి చూసి పోయేవారు. ఉతికితే రంగు పోయేది, విదిలిస్తే పీచు రాలేది. అయినా చిరగలేదు. మా తరువాత పుట్టబోయే భూగర్భ శాస్త్రవేత్తలకు కూడా సరిపోతాయని పానకాలరావు గారు అనేవారు.

నీలి పోగులు

ఎస్తేరు ఉరవకొండ అవతలి పల్లెనుంచి వచ్చింది. తల్లీ తండ్రీ వేరుశనగ చేలల్లో కూలికి పోయేవాళ్లు. పీహెచ్‌డీ అంటే ఏమిటో ఆ ఊళ్లో వాళ్ల నాయన దావీదుకు తప్ప ఎవరికీ తెలియదు. నిజానికి ఆయనకూ తెలియదు, కానీ తెలిసినట్టు చెప్పేవాడు. "మా పాప రాళ్ల డాక్టరు ఐతాది. రాయికి జరమొస్తే సూది వేస్తాది" అని చర్చి ముందు ఆయన చెబుతుంటే, కొందరు నమ్మారని విన్నాను.

ఆమె పని తాడిపత్రి గుట్టల చెకుముకి రాళ్లలో సూక్ష్మజీవుల శిలాజాలు వెతకడం. గడువు దగ్గరపడింది. అప్పటికే ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. వేసవి ముగిసే లోపు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఇన్నేళ్ల చదువూ గాలికి పోయినట్టే. రాయదుర్గంలో వాళ్ల పిన్ని తన మిషను పక్కన ఇంకో మిషనుకు చోటు చూసి పెట్టింది. "వస్తే వస్తావు, లేకుంటే లేదు. చోటైతే ఉండాది" అని అప్పుడప్పుడు ఫోనులో గుర్తుచేసేది. పిన్నిది మంచి మనసే. కానీ ఎస్తేరు ఆ ఫోను వచ్చినప్పుడల్లా బయటికి పోయి మాట్లాడేది.

చెకుముకిని కరిగించాలంటే మామూలు యాసిడ్ చాలదు. గాజునే తినేసే యాసిడ్ ఒకటుంది. అందుకే ప్లాస్టిక్ బీకర్లు వాడతాం, అందుకే ఆ గదిలో ఎవరూ జోకులు వేయరు. రాయి కరిగిపోయాక అడుగున మిగిలిన మడ్డిని కడిగి, గాజు పలక మీద పరిచి చూడాలి. ఒకరోజు ఎస్తేరు పరిచిన పలకలో పొడుగాటి పోగులు కనిపించాయి. నీలంగా.

పానకాలరావు గారు మైక్రోస్కోపుకు కన్ను ఆనించారు. తీయలేదు. ఆయన టీ చల్లారింది. ఒక ఈగ వచ్చి, కూర్చుని, తాగి, వెళ్లి, స్నేహితులను పిలుచుకొచ్చింది. అప్పటికీ తీయలేదు.

"నీలం" అన్నారు చివరికి, గుడిలో మాట్లాడినట్టు. "నీలాకుపచ్చ నాచు నీలంగా ఉండక ఎర్రగా ఉంటుందా? రెండు వందల కోట్ల ఏళ్లుగా రంగు కూడా పోలేదు. ప్రపంచంలో ఎవరికీ దొరకలేదయ్యా ఇలాంటిది."

సాయంత్రానికి విభాగమంతా తెలిసింది. మర్నాటికి విలేఖరి వచ్చాడు. ఆ వారంలోనే పానకాలరావు గారు ఆ నాచుకు తన అత్తగారి పేరు పెట్టాలని నిర్ణయించారు. ఆమెను మంచి చేసుకోవడానికి పెళ్లయిన నాటినుంచీ ఎదురుచూస్తున్నారట. వచ్చే నెలలో సన్మానం, శాలువా అన్నారు. ఎస్తేరు థీసిస్‌లో సగానికి పైగా ఆ పోగులే.

నాకు అనుమానం రాలేదా అంటే వచ్చింది. కానీ హెడ్డు ఆనందంగా ఉన్నప్పుడు వచ్చే అనుమానం తుమ్ములాంటిది. ముక్కు పట్టుకుంటే ఆగుతుంది. ఎస్తేరు ముక్కు పట్టుకోలేదు.

"సార్, అంత కాలం భూమి కింద ఉడికిన జీవపదార్థం మాడిపోయి గోధుమరంగో, నలుపో కావల్ల కదా? పక్కనుండేవన్నీ అట్లే ఉండాయి. ఇదొక్కటే కొత్త లంగా మాదిరి మెరుస్తాంది."

"హెడ్డు గారిని అడిగినావా?"

"అడిగినా. 'అదే కదమ్మా అద్భుతం' అనిరి."

కాంపౌండ్ గోడ

మర్నాడు ఎస్తేరు మా విభాగం కాంపౌండ్ గోడనుంచి ఊడిపడిన ఇటుక ముక్క ఒకటి తెచ్చింది. దాన్ని రెండుగా పగలగొట్టింది. ఒక సగం నీలిసంచిలో వేసి, భుజానికి తగిలించుకుని, ఫీల్డుకు పోయి వచ్చినట్టు ఊరంతా తిరిగి వచ్చింది. రెండో సగం స్టీలు డబ్బాలో పెట్టింది. రెండింటికీ అవే కడుగుళ్లు, అదే యాసిడ్, అవే పలకలు.

డబ్బాలోని ఇటుకలో ఏమీ లేదు. సంచిలోని ఇటుకలో నాచు పుష్కలంగా ఉంది. చెకుముకిలో కన్నా పొడుగ్గా, ఆరోగ్యంగా, తల దువ్వుకుని ఫోటోకు నిలబడినట్టు ఉంది.

నేను చూసి, కన్ను తుడుచుకుని, మళ్లీ చూశాను.

"సార్, ఈ గోడ కట్టి ఎన్నేండ్లైంది?"

"నాకు తెలిసి పదేండ్లు కాలేదు."

"అట్లైతే మన సముద్రం మొన్నటిదాకా ఉండె" అంది ఎస్తేరు. అని నవ్వలేదు. ఆ పోగులు జీన్స్ గుడ్డ నూలు. సంచిలో రాయి రాసుకుని, గరుకు మీద అంటుకుని, యాసిడ్‌కు కూడా లొంగకుండా అడుగున మిగిలిన నూలు. గుడ్డలో ఉన్న నీలిరంగే మన కళ్లకు ప్రాచీన సముద్రం రంగుగా కనిపించింది.

ఇలాంటి తప్పు వంటవాడు చేయలేడు, వడ్రంగి చేయలేడు. దీనికి మాలాగా కంటికి కనబడని దాన్ని వెతికే పనిలో ఉండాలి, వెతికేది ఎలా ఉండాలో ముందే తెలిసి ఉండాలి. కొత్తగా వచ్చేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మీరు ఏది కావాలని కూర్చుంటారో అది మైక్రోస్కోపులో తప్పకుండా కనిపిస్తుంది.

"ఇప్పుడేం చేద్దామ్మా? హెడ్డు గారికి నేను చెప్తాలే" అన్నాను.

"వద్దు సార్. పుస్తకం నా పేరుతో వస్తాది. నేనే చెప్తా."

"చెప్తే సగం థీసిస్ పోతాది. గడువు చూసినావా?"

"చెప్పకుంటే మొత్తం పోతాది సార్. కొన్నేండ్లు లేటుగా పోతాది, అంతే."

ఇద్దరం పానకాలరావు గారి గదికి పోయాం. ఆయన సన్మానానికి ఏం మాట్లాడాలో గట్టిగా చదువుకుంటున్నారు. ఎస్తేరు ఆయన మైక్రోస్కోపు కింద పలక పెట్టింది. ఆయన చూశారు. ముఖం వెలిగిపోయింది.

"ఇది మునుపటికన్నా బాగుందమ్మా. ఏ గుట్ట?"

"మన కాంపౌండ్ గోడ సార్. ఇటుక."

ఆ గదిలో ఒక పాత ఫ్యాను ఉండేది. అది తిరిగితే కింద అంతస్తులో సుద్దముక్కలు దొర్లేవి. ఆ ఫ్యాను శబ్దం కూడా నాకు వినిపించడం మానేసింది. పానకాలరావు గారు మెల్లగా లేచి, బీరువా మీదనుంచి ఒక సంచి దించి, కిటికీలోంచి వచ్చే ఎండలో విదిలించారు. ఎండలో నీలి దుమ్ము లేచింది. ఆయన ఆ దుమ్మును అణగిపోయేదాకా చూశారు.

"శాలువా కొనేశారట" అన్నారు.

"ఉంచుకోండి సార్. చలికాలం పనికొస్తాది" అంది ఎస్తేరు.

ఆయన ఆమె వైపు తిరిగారు. మీసం కదిలింది. కోపమనుకున్నాను. కాదు, నవ్వు. ఏడుపు పక్కింట్లో కాపురముండే రకం నవ్వు. ఫోను తీసుకుని విలేఖరికి తనే చేశారు. "బాబూ, నేను చెప్పింది తప్పు. అది నాచు కాదు, ప్యాంటు గుడ్డ. అలాగే వేయండి. పేరు నాదే వేయండి, అమ్మాయిది వద్దు." తరువాత ఇంటికి ఫోను చేసి, అత్తగారికి ఇంకొంతకాలం ఆగాలని చెప్పమన్నారు.

నేను చాలామంది బాసుల దగ్గర పనిచేశాను. తెలివైనవాళ్లున్నారు, మంచివాళ్లున్నారు, రెండూ కానివాళ్లు మందలుగా ఉన్నారు. తన తప్పు తన నోటితో పత్రికకు చెప్పినవాడు ఈయన ఒక్కడే. మీకు ఇలాంటి మనిషి దొరికితే, ఆయన ఎంత పిసినారి అయినా వదలకండి.

ఫోను పెట్టేసి, ఆయన ఎస్తేరును అడిగారు: "ఇప్పుడు నీ థీసిస్‌లో ఏం మిగిలింది?"

"ముందుమాట, కృతజ్ఞతలు ఉండాయి సార్."

కోత

యాసిడ్ దారి వదిలేశాం. ఇంకో దారి ఉంది. రాయిని పలచటి రేకులా కోసి, వెలుతురు అవతలికి పోయేదాకా అరగదీసి, రాతి లోపలే జీవిని చూడటం. చుట్టూ చెకుముకి బిగిసి ఉన్నదాన్ని ఏ సంచీ తెచ్చి పెట్టలేదు. నెమ్మదైన పని, కానీ అబద్ధానికి చోటు తక్కువ.

ఇలాంటి సమయానికే పాడవ్వాలని ఎదురుచూస్తున్న రాతికోత మిషను మాది. మోటారు కాలిపోయింది. బాగుచేయించే దాకా గాజు పలక మీద గరుకు పొడి, నీళ్లు వేసి చేత్తోనే అరగదీశాం. వరండాలో ఎస్తేరు ఒక పలక ముందు, నేను ఒక పలక ముందు. మూడోరోజు పానకాలరావు గారు కూడా చొక్కా చేతులు మడిచి వచ్చి కూర్చున్నారు. ముందు మా అరచేతులు పలచబడ్డాయి, ఆ తరువాతే రాయి. నా వేలిముద్రలు పూర్తిగా పోయాయి. ఆ నెల నేను ఏ నేరం చేసినా దొరికేవాణ్ని కాదు.

రేకుల మీద రేకులు చూశాం. ఏమీ లేదు. చెకుముకి లోపల శుభ్రంగా, ఖాళీగా, పెళ్లయిపోయిన కల్యాణమండపంలా ఉంది. గడువు మాత్రం పరుగెత్తుకొస్తోంది.

ఒకరోజు ఎస్తేరు అరగదీయడం ఆపేసింది.

"సార్, మనం తప్పు రాళ్లు తెచ్చినాం."

"మంచి రాళ్లే కదమ్మా. గుట్టలో అంత పెద్ద వలయాలు ఇంకెక్కడా లేవు" అన్నారు పానకాలరావు గారు.

"అదే సార్ తప్పు. బాగుండే రాళ్లే ఏరినాం. ఆ పెద్ద వలయాలు నీళ్లు ఎప్పుడూ నిలిచుండే చోట పెరిగినాయి. ఆడ జీవులు చెకుముకి బిగిసే లోపే కుళ్లిపోయింటాయి. ఒడ్డుకు పోవల్ల. బురద ఎండి పగిలిన గుర్తులుండే పొరల్లో చూడల్ల. నీళ్లు వచ్చి, పోయి, ఎండే చోట చెకుముకి జల్దీ బిగిసింటాది."

పానకాలరావు గారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఆ పొరలను మేమిద్దరం ఎన్నిసార్లు తొక్కుకుంటూ దాటిపోయామో లెక్కలేదు. చూడటానికి పాత గోనెపట్టాలా ముడతలు పడి ఉంటాయి. ఫోటోకు కూడా పనికిరావు.

మర్నాడే తాడిపత్రి. ఎండ ఎలా ఉందంటే, నేను సుత్తి పట్టుకుంటే సుత్తే నన్ను వదిలేయమని బతిమాలింది. మా ఆవిడ టిఫిన్ క్యారియర్లు, ఇరుగుపొరుగువాళ్ల స్టీలు డబ్బాలు అన్నీ మోసుకుపోయాం. మేకలు తోలుకుపోతున్న ఓబులేసు అనే ఆయన ఆగి, గొంగడి నేల మీద వేసి, తీరిగ్గా కూర్చున్నాడు.

"ఏం సార్, రాళ్లను క్యారియర్లో పెట్టుకుంటాండారు. మధ్యాన్నానికా?"

"ఈడ సముద్రం ఉండెనప్పా. దాని గుర్తులు ఏరతాండాం."

"ఎప్పుడు, మా తాత కాలంలోనా?"

"అంతకన్నా ముందు."

"అట్లే ఉంటాది. ఉండింటే చెప్పకుండా ఉండేవాడు కాదు, నోరాగే మనిషి కాదు." చుట్టూ గుట్టలను చూసి, "సార్, సముద్రమే ఉండిన చోట ఒక బోరన్నా పడదా?" అన్నాడు.

"పడదప్పా."

"మరి దాన్ని ఏంటికి వెతుకుతాండారు?"

ఎస్తేరు రాతి మీద వంగి, బురద పగుళ్లు గట్టిపడి నిలిచిన చోట వేలితో తడుముతోంది. తల ఎత్తకుండానే, "ఎండలో ఎట్ల బతికినాయో తెలుసుకునేకి" అంది.

ఓబులేసు తన మేకల వైపు చూసి, "తెలిస్తే నాకూ చెప్పమ్మా" అని లేచాడు.

గొడుగు పట్టినవాళ్లు

అవి దొరికిన పొద్దున నేను ల్యాబుకు పోయేసరికి ఎస్తేరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. మైక్రోస్కోపును తాకడానికి కూడా భయపడుతున్నట్టుంది.

"నేనేం చెప్పను సార్. మీరే చూడండి."

చూశాను. గుండ్రటి కణాలు. రెండు రెండుగా, నాలుగు నాలుగుగా, ద్రాక్షగుత్తిలా ఒకదానికొకటి ఆనుకుని, తేటగా ఉన్న చెకుముకి లోపల బిగిసి ఉన్నాయి. ఉండాల్సిన రంగులోనే, బెల్లం పాకం రంగులో ఉన్నాయి. గుత్తికి పైనున్న కణాలు మాత్రం ముదురు, దాదాపు నలుపు. కిందివి లేతగా.

పానకాలరావు గారు వచ్చారు. ఈసారి కన్ను ఆనించే ముందే ప్రశ్నలు మొదలుపెట్టారు.

"దేంట్లో తెచ్చారు?"

"స్టీలు డబ్బా సార్."

"రాతి లోపలేనా, పైనా?"

"లోపలే సార్. ఫోకస్ పైకీ కిందికీ తిప్పండి, చుట్టూ చెకుముకే."

"ఇటుక?"

"దాన్నీ కోసి చూసినా. ఏం లేదు."

అప్పుడు చూశారు. చాలాసేపు చూశారు. ఈసారి ప్రపంచంలో ఎవరికీ దొరకలేదని అనలేదు. "ఇలాంటివి వేరేచోట్ల దొరికాయి. మన దగ్గర ఉన్నాయని ఇప్పుడు తెలిసింది. చాలు. చాలా ఎక్కువ" అన్నారు. కళ్లద్దాలు తుడుచుకున్నారు, అవి మురికిగా లేకపోయినా.

ఆ నల్లటి పై కణాల అర్థం చెబుతాను. ఇలాంటి జీవుల బంధువులు నేటికీ సముద్రపు ఒడ్డుల్లో ఉన్నాయి, పోటుకు తడిసి, ఆటుకు ఎండే చోట. పైన ఉన్న కణాలు ఎండను తట్టుకునే రంగును ఒంటినిండా పూసుకుని నల్లబడతాయి, ఆ నీడలో కిందివి బతుకుతాయి. లోతు నీళ్లలో ఉన్నవాటికి ఆ అవసరం లేదు. అంటే మా గుట్ట మీద ఈ గొడుగులు దొరికాయంటే, అక్కడి సముద్రం లోతు లేనిది, వచ్చి పోయేది, ఎండ మాడ్చేది. తడి వస్తే పెరగడం, ఎండితే ముడుచుకుని, పైవాడు కిందివాడికి నీడపట్టి, మళ్లీ తడి వచ్చేదాకా ఓర్చుకోవడం. ఈ జిల్లాలో బతకడం ఎలాగో అప్పుడే తెలిసినవాళ్లన్నమాట.

గడువు ముగిసే రోజు, ఆఫీసు తలుపు సగం మూసి ఉండగా, ఆ సందులోంచి ఎస్తేరు థీసిస్ లోపలికి వెళ్లింది.

బహిరంగ వైవా

థీసిస్‌లో ఎస్తేరు ఒక అధ్యాయం ఇటుక గురించే రాసింది. ఒక పక్క చెకుముకి పోగు ఫోటో, పక్కనే కాంపౌండ్ గోడ పోగు ఫోటో. తీసేయమని చెప్పాను. బయటినుంచి పరీక్షకు వచ్చే మేడం చాలా కఠినమని, ఒక అభ్యర్థిని కామా దగ్గర నిలబెట్టి మధ్యాహ్నం భోజనం దాకా వదల్లేదని విన్నాను. ఎస్తేరు తీయలేదు.

వైవా రోజు దావీదు ఉరవకొండనుంచి మొదటి బస్సుకే వచ్చేశాడు. తెల్లచొక్కా, మడత విప్పని కండువా. నా పక్కన కూర్చుని, "సార్, ఈ యమ్మ ఫెయిల్ చేసేకి వచ్చినాదా, పాస్ చేసేకి వచ్చినాదా?" అని అడిగాడు.

"రెండింటికీ అధికారం ఉందప్పా."

"అట్లైతే కష్టమే" అని మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు.

మేడం ముందుగా ఇటుక పేజీయే తెరిచారు.

"ఇది మీ తప్పు కదా. దీన్ని థీసిస్‌లో ఎందుకు పెట్టారు?"

"నా వెనక వచ్చేవాళ్లు కూడా సంచులు కుట్టించుకుంటారు మేడం" అంది ఎస్తేరు. "ఒకరు పడిన గుంత చూపిస్తే, ఇంకొకరు చుట్టూ తిరిగి పోతారు."

మేడం పేజీ తిప్పారు. కణాల ఫోటో దగ్గర ఆగి, ఒకదాని వెంట ఒకటి అడిగారు. ఎస్తేరు చెబుతూ పోయింది. చివరికి మేడం పెన్ను కింద పెట్టారు.

"ఒక్క మాటలో చెప్పండి. ఎంత లోతు?"

"పోటుకు మోకాటి లోతు మేడం. ఆటుకు పాదం కూడా తడవదు."

బహిరంగ వైవా చివర ఒక ఆచారం ఉంది. సభలో ఎవరైనా ప్రశ్న అడగవచ్చని ప్రకటిస్తారు. ఎవరూ అడగరు, టీ చల్లారిపోతుంది కాబట్టి. అధ్యక్షత వహించిన పానకాలరావు గారు లాంఛనంగా అడిగారు. నా పక్కన కుర్చీ కిర్రుమంది. దావీదు లేచి నిలబడ్డాడు.

"అందరికీ దండాలు. నాదొక ప్రశ్న."

ఆఫీసు మనిషి ఒకాయన కూర్చోమని సైగ చేశాడు. "ఆచారం అందరికీ వర్తిస్తుందండి, అడగండి" అన్నారు పానకాలరావు గారు.

"పాపా, మోకాటి లోతు అంటివి కదా. ఆ నీళ్లలోకి నేను దిగితే ఏమైతాది?"

ఎస్తేరు ఆ రోజు మొదటిసారి నవ్వింది. "కాళ్లు తడుస్తాయి నాయనా. కానీ ఊపిరాడదు. అప్పటి గాల్లో మనం పీల్చుకునేది శానా తక్కువ. ఇట్లాంటివే ఎండలో కూచోని, కొంచెం కొంచెంగా దాన్ని వదుల్తా వచ్చినాయి. కోట్ల ఏండ్లు వదిలినాక గాలి మనం బతికేట్ల అయ్యింది."

"ఇంత ఎండలోనా?"

"ఇంత ఎండలోనే నాయనా."

"సరే" అన్నాడు దావీదు. "నాకు అర్థమైంది." కూర్చున్నాడు.

మేడం ఫైలు మూశారు. సంతకం చేసి, కాగితం పక్కకు జరిపి, కళ్లద్దాల పైనుంచి చూశారు. "అయితే డాక్టర్ ఎస్తేరు గారూ, ఆ గుట్ట నాకు ఎప్పుడు చూపిస్తారు?"

దావీదు నా చెవి దగ్గరికి వంగాడు. "సార్, డాక్టరన్నాది మా పాపనేనా?"

"అవునప్పా. మీ పాపనే."

ఆయన అప్పటిదాకా ఎంతసేపటినుంచి పట్టి ఉంచాడో ఏమో, అప్పుడు వదిలాడు ఊపిరి. ఆ విసురుకు ముందు వరుసలో ఉన్న కాగితాలన్నీ లేచి గాల్లో ఎగిరాయి. అతిశయోక్తి అంటారు మీరు. నేను ఆ పక్క కుర్చీలోనే ఉన్నాను.